నా మాట తెల్వని దవాఖానల నా మొర విన్నడు

సహోదరులారా, నోరుండి మూగదాన్నయిన ఒక పొద్దు సంగతి చెప్త, జర వినుండ్రి. నా పేరు సువార్తమ్మ, మాది ఆత్మకూర్ పక్కన పల్లె, బిల్డింగుల పనికని నేనూ మా ఆయన పుణె పోయినం, నాలుగేండ్ల మా బిడ్డ కృపను గూడ తోల్కపోయినం. ఆడ దానికి జరమొచ్చి, దగ్గు పట్టి, డొక్కలు ఎగరేస్తుంటే, మా ఆయన పనిల ఉండె, నేనొక్కదాన్నే సంకనెత్తుకొని దవాఖానకు ఉరికిన.

డాక్టరమ్మ ఏందేందో అడుగుతాంది, నాకొక్క ముక్క సమజైతలేదు, తెల్వదంటే ఎల్లగొడ్తరేమోనని అన్నిటికి తలకాయ ఊపిన! ఇగ నర్సు సూది పట్టుకొని వచ్చింది. బిడ్డను ఎదకు అదుముకున్న! ఎందుకంటే పోయినేడు మా దిక్కు దవాఖానల ఒక సూది ఇస్తే బిడ్డకు ఒళ్లంత దద్దులు లేసి, మూతి వాచి, ఊపిరాడక చావుదాంక పోయొచ్చింది. గా మందు మళ్ల ఇయ్యొద్దని డాక్టరు కాయితం రాసిస్తే అది ఇంటికాడనే ఉండిపాయె. ఇది గదేనో కాదో నాకెట్ల తెలుస్తది? "వద్దమ్మా, వద్దు" అని నర్సు చెయ్యి పట్టుకుంటే ఆమె ఇదిలిచ్చుకొని కోపం జేసింది, ఇంకొకామె నన్ను పక్కకు గుంజింది.

సిగ్గిడిచి ఆడనే మోకాళ్లూని వార్డంత వినేటట్టు మొత్తుకున్న: "యేసయ్యా, వీళ్లకు నా మాట తెలుస్తలేదు, నీకు తెలుస్తది గద తండ్రీ! ఈ సూది నా బిడ్డకు పడదేమో, జర ఆపు నాయనా!"

అంతల నేల తుడుస్తున్న ఒకామె అంత ఇడిసిపెట్టి ఉరికొచ్చింది.

"అక్కా, మాది మక్తల్ దిక్కు. ఏమైందో చెప్పు, నేను చెప్త వాళ్లకు!"

హల్లెలూయ! ఆమె వాళ్ల భాషల చెప్పంగనే నర్సు చెయ్యి ఆగింది, డాక్టరమ్మ వచ్చి ఆమెతోని ఒక్కొక్కటి అడిగిపిచ్చి మందు మార్చింది. "అన్ని మందులు పడ్తయా అనడిగితే ఔనన్నవట గదక్కా" అన్నదామె. నేను తలకాయ ఊపింది దానికా అని నెత్తి కొట్టుకున్న!

నాలుగొద్దులకు కృప లేచి గంజి తాగింది. దేవునికే మహిమ!

అయినా నా పానం నిమ్మలంగ లేదు సహోదరులారా. ఇంటికి పంపిన పొద్దు, పక్క మంచం కాడ పసిగుడ్డును ఒళ్లె పెట్టుకొని ఇంకో తల్లి, ఏ దిక్కుదో, ఆమె మాట ఆడ ఎవ్వరికి తెల్వదు, డాక్టరమ్మ అడిగినదానికల్ల తలకాయ ఊపుతాంది. ఆమెకు సమజైతలేదని చేతులతోని చూపిచ్చిన, డాక్టరమ్మకు తెలిసిందో లేదో. ఆ బిడ్డ ఏమాయెనో! ప్రార్థనకు కూసుంటే ఇప్పటికి ఆ తల్లి ముఖమే మెదుల్తది.

ఏ భాషల ఏడ్సినా వినే దేవుడున్నడు, ఆయనను నమ్ముండ్రి. దవాఖానల ఎవరన్న బిక్కమొకమేసుకొని కూసుంటే దగ్గరికి పోయి పలకరించుండ్రి. ఆ తల్లి పేరు నాకు తెల్వదు, ప్రభువుకు తెలుసు. ఆమె కోసం, ఆమె బిడ్డ కోసం ఇప్పుడే అందరం మోకరిద్దాం, రాండ్రి.