పదో తరగతి హాజరు

డిప్లొమా పూర్తయి ఉద్యోగం రాని కొద్ది నెలల్లో నాకు దొరికిన పని, ఉన్నత పాఠశాలలకు మార్కులు వేయడం. సివిల్ చదివిన మమ్మల్ని ఆరుగురిని తీసుకుని, తలా కొన్ని ఊళ్ళు పంచి, నాలుగు పేజీల ఫారాలు ఇచ్చారు. కట్టడానికి ఇరవై మార్కులు. నీళ్ళు, మరుగుదొడ్లకు పదిహేను. ఉపాధ్యాయులకు ఇరవై. నోటు పుస్తకాలకు పదిహేను, హాజరుకు పదిహేను, క్రమశిక్షణకు పదిహేను. మొత్తం వంద. ఆ ఫారం నాకు నచ్చింది. బడి మంచిదా కాదా అని ఊళ్ళో పదిమందిని అడిగితే పది రకాలుగా చెబుతారు. ఇది మాత్రం కొలిచి చెబుతుందని నమ్మాను.

జమ్మలమడుగు నుంచి మైలవరం వైపు పోయే దారిలో ఉండేది నాకిచ్చిన వాటిలో ఆరో ఊరు. ప్రొద్దుటూరులో మొదటి బస్సు ఎక్కి, జమ్మలమడుగులో మారి, తొమ్మిదిన్నరకు దిగాను. కండక్టరు నా చేతిలోని కొలత టేపు చూసి, ఆ ఊళ్ళో కొలిచేదేముంది, సగం ఇండ్లకు తాళాలే గదా అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ ఆ తర్వాత నా సీటు వైపు రాలేదు.

తాళాల సంగతి నిజమే. బడికి పోయే వీధిలో కుడివైపు ఇళ్ళలో మనుషులున్నారు. ఎడమవైపు వరసగా తొమ్మిది ఇళ్ళకు తాళాలు, గడపలకు అడ్డంగా ముళ్ళకంప. ఒక ఇంటి ముందు తీగ మీద చిన్న పిల్ల గౌను ఆరేసి ఉంది. ఎండకు రంగు పోయి, ముట్టుకుంటే పొడి అయ్యేట్టుంది. గోడల మీద ఒక పార్టీ గుర్తుకు సున్నం కొట్టి రెండో పార్టీ గుర్తు వేశారు. సున్నం కింద నుంచి పాతది ఇంకా కనిపిస్తోంది.

కుడివైపు అరుగు మీద కూర్చున్న పెద్దాయన నన్ను ఆపాడు.

"ఎవురి తాలూకప్పా నువ్వు?"

ఎవరి తాలూకూ కాదని, బడి చూడటానికి జిల్లా నుంచి వచ్చానని చెప్పాను.

"జిల్లా ఇప్పుడు ఎవురిదిలే," అని తనలో తాను నవ్వుకుని, చేతికర్రతో దారి చూపించాడు.

దగ్గరికి వచ్చేదాకా అక్కడ బడి ఉందని తెలియలేదు. చూసిన ఐదు బడుల్లోనూ ముందు గోల వినిపించి తర్వాత గోడలు కనిపించేవి. ఇక్కడ గోడలు, జెండా కర్ర, చేతిపంపు, వేపచెట్ల నీడ అన్నీ కనిపించాయి. చప్పుడు మాత్రం లేదు. సెలవేమో అనుకుని వరండాలోకి వస్తే, ప్రతి గదిలోనూ పిల్లలు నిండుగా ఉన్నారు. పాఠం నడుస్తోంది. ఎక్కాలు చెబుతున్నారు, పద్యం అప్పజెబుతున్నారు. అదంతా పక్క గదిలో ఎవరో నిద్రపోతున్నట్టు, గొంతు తగ్గించి. క్రమశిక్షణ గడిలో పదిహేనుకు పదిహేను వేశాను. తొందరపడ్డానని అప్పుడు అనిపించలేదు.

హెడ్మాస్టరుకు యాభై దాటి ఉంటాయి. మా ప్రొద్దుటూరు మనిషే, రోజూ బస్సులో వచ్చిపోతాడు. ఫారం చదివి, ఏ గదికైనా పొమ్మన్నాడు. గోడలు కొలిచాను, పగుళ్ళు రాసుకున్నాను. రెండు గదుల్లో కప్పు కారుతుంది, బాలికల మరుగుదొడ్డికి తలుపు లేదు. చివరికి పదో తరగతికి వచ్చాను.

అక్కడ బెంచీలు లేవు. నేలకు నాపబండలు పరిచారు, ఒక్కో బండ మీద ఒక్కొక్కరు కూర్చుంటారు. అడ్డం ఆరు, నిలువు ఏడు, నలభై రెండు. నాలుగు ఉపాధ్యాయుడి బల్ల కిందికి పోతే ముప్పై ఎనిమిది. పిల్లలు ఇరవై ఏడుగురు. పదకొండు బండలు ఖాళీ. ఆ ఖాళీ వెనక వరసల్లో కాదు, మధ్య మధ్యలో ఉంది. ఒక అమ్మాయి, ఒక ఖాళీ బండ, ఇద్దరబ్బాయిలు, మళ్ళీ ఖాళీ. ఇరుకుగా కూర్చున్నవాళ్ళు కూడా మోకాలు పక్క బండ మీదికి పోనివ్వడం లేదు. ఖాళీ బండలు తుడిచి ఉన్నాయి. ఒక్కోదాని మీద నోటు పుస్తకాల దొంతర, గాలికి లేవకుండా పైన గులకరాయి.

నీళ్ళకు పోయారేమో అనుకున్నాను.

ఐదుగురి నోట్సులు తీసి చూడాలని ఫారంలో ఉంది. పక్షపాతం రాకుండా నేను ప్రతి ఏడో బండ ఎంచుకునేవాణ్ణి. ఇక్కడ పద్నాలుగోది, ముప్పై ఐదోది ఖాళీవి. రాయి పక్కన పెట్టి పైనున్న లెక్కల నోట్సు తెరిచాను. తేదీ ఆ రోజుదే. బోర్డు మీదున్న లెక్కే, ఇంకా చెరపని లెక్క, చివరి మెట్టు దాకా చేసి ఉంది. ముందు పేజీ తిప్పితే చేతిరాత మారింది. నిన్నటిది గుండ్రంగా, మొన్నటిది ఎడమకు వాలి, అంతకు ముందుది అచ్చు గుద్దినట్టు. ఒక పుస్తకంలో నాలుగు చేతిరాతలు లెక్కపెట్టాను. ప్రతి లెక్క కింద ఉపాధ్యాయుడి ఎర్ర సిరా గుర్తు.

పక్క బండ మీది అమ్మాయిని, ఇది ఎవరిది, ఎక్కడికి పోయారని అడిగాను. లేచి నిలబడింది.

"రాలేదు సార్."

మరి ఈ రోజు లెక్క ఎవరు రాశారన్నాను. ఆ అమ్మాయి నన్ను చూడలేదు, బండను చూసింది.

"రాసుండాది సార్."

ఎవరు అనేది చెప్పలేదు. గదిలో ఎవరూ నవ్వలేదు. పదో తరగతి గదిలో అలాంటి జవాబుకు నవ్వు రాకపోవడం నేను అదివరకు చూడలేదు. రాయిని మళ్ళీ దాని చోటే పెట్టాను, అంతకు ముందు ఏ వైపు ఉందో గుర్తు తెచ్చుకుని మరీ.

మధ్యాహ్నం వరండాలో హెడ్మాస్టరు తన క్యారియర్ నాకు సగం పెడుతూ సంగతంతా చెప్పాడు. దాచే ప్రయత్నం చేయలేదు. ఎన్నికలైన నెలకు ఊళ్ళో ఒక మనిషిని చంపారు. ఓడిన పక్షం వాళ్ళు ఒక్క రోజులో ఊరు ఖాళీ చేశారు. కొందరు ప్రొద్దుటూరులో, ఒక కుటుంబం పులివెందుల వైపు. అక్కడి బడుల్లో చేరాలంటే టీసీ కావాలి. టీసీ తీసుకుంటే ఊరు విడిచినట్టు రాసిచ్చినట్టే, రేపు ఓట్లు కొట్టేస్తారని ఆ పక్షం పెద్ద ఎవరినీ తీసుకోనివ్వలేదు. అందుకని పేర్లు ఇక్కడే ఉన్నాయి. హాజరు చాలకపోతే పదో తరగతి పరీక్షకు కూర్చోనివ్వరు. అందుకని హెడ్మాస్టరు రోజూ ఆ పదకొండు పేర్లు పిలుస్తాడు. ఒక ఊపిరి సేపు ఆగుతాడు. ఎవరూ పలకరు. హాజరు వేస్తాడు.

శనివారం నోట్సులన్నీ సంచిలో వేసుకుని ప్రొద్దుటూరు తీసుకుపోతాడు. ఆదివారం పిల్లలు ఆయన ఇంటికి వచ్చి చదువుకుంటారు. పులివెందుల అబ్బాయివి మాత్రం మూట కట్టి బస్సులో పంపిస్తాడు. సోమవారం తొలి బస్సుకు తిరిగి వస్తాయి.

ఎవరు రాస్తున్నారని అడిగాను.

"ఊళ్ళో ఉండేటోల్ల పిల్లోల్లే," అన్నాడు. "అంతకు ముందు ఎలక్షన్లలో ఓడింది వీళ్ళు. అప్పుడు వీళ్ళ అన్నలు, అక్కలు బయటుంటే వాళ్ళు రాసిపెట్టిరి. ఇప్పుడు వీళ్ళు రాస్తాండారు. ఎవురూ చెప్పలా. నేనూ చెప్పలా."

ఇంట్లో పెద్దలకు తెలుసా అన్నాను. తెలుసో లేదో తను ఎప్పుడూ అడగలేదన్నాడు. ఇంత నిశ్శబ్దం ఎందుకని కూడా అడిగాను. ఒకసారి ఆటల పీరియడ్‌లో పిల్లలు గట్టిగా కేకలు వేస్తే ఊళ్ళో తలుపులన్నీ టపటపా మూసుకున్నాయట. అప్పటి నుంచి వాళ్ళంతట వాళ్ళే గొంతు తగ్గించుకున్నారట. నేను ఫారంలో వేసిన పదిహేను మార్కుల వైపు చూశాను.

చివరి పేజీ మిగిలింది. సర్వే చేసేవారు ఏదైనా ఒక తరగతిలో స్వయంగా పేర్లు పిలిచి, రిజిస్టరులో ఎందరో, హాజరైనవారు ఎందరో రాయాలి. ఈ ఊరికి పదో తరగతి అని పైనుంచే రాసి పంపారు.

హెడ్మాస్టరు చేయి కడుక్కుని వచ్చి, ఎంత రాస్తావని అడిగాడు. ఉన్నది ఇరవై ఏడే గదా సార్ అన్నాను.

"ఉండేది ఇరవై ఏడే, కాదనను," అన్నాడు. "నువ్వు అది రాస్తే పదకొండు పేర్లు కొట్టేయాల. పదకొండు హాల్ టికెట్లు రావు. అంతే."

బతిమాలలేదు. బతిమాలి ఉంటే నాకు తేలికయ్యేది. తప్పు అంకె రాయడం నాకు చేతకాని పని. కాలేజీలో సర్వే ప్రాక్టికల్స్‌లో అంగుళం తేడా వస్తే మళ్ళీ మొదటి నుంచి కొలిచేవాణ్ణి.

రెండున్నరకు పదో తరగతికి పోయాం. హెడ్మాస్టరు తలుపు బయటే నిలబడ్డాడు. నేను బల్ల మీద రిజిస్టరు తెరిచి పిలవడం మొదలుపెట్టాను. మొదటి ముగ్గురూ ఉన్నవాళ్ళే. ప్రతి పేరుకూ తలెత్తి చూసి గీత పెట్టుకున్నాను. నాలుగో పేరు పక్కన హెడ్మాస్టరు నా కోసం సన్నగా పెన్సిల్ చుక్క పెట్టి ఉంచాడు, బయటున్నవాళ్ళలో ఒకరని. పిలిచాను. ఒక ఊపిరి సేపు ఆగాలి గదా అని ఆగాను.

"ప్రెజెంట్ సార్."

ఆడపిల్ల గొంతు. తలెత్తాను. అందరూ నోరు మూసుకుని ఉన్నారు. అందరూ నా వైపే చూస్తున్నారు. ఖాళీ బండల మీద నోట్సులు, రాళ్ళు అలాగే ఉన్నాయి.

ఐదు, ఆరు, ఏడు ఉన్నవాళ్ళు. ఎనిమిది చుక్క ఉన్న పేరు. ఈసారి మగపిల్లాడి గొంతు, కిటికీ వైపు నుంచి. తొమ్మిదో పేరుకు చుక్క ఉంది, గొంతు ఇంకో మూల నుంచి. అబ్బాయి పేరుకు అబ్బాయి, అమ్మాయి పేరుకు అమ్మాయి, ఏ గొంతూ రెండోసారి రాలేదు. ఒక్క అబ్బాయి పేరుకు మాత్రం జవాబు ఆలస్యమైంది. కలం ఎత్తి పట్టుకుని మూడు దాకా లెక్కపెట్టాను. నాలుగు అనుకునేలోగా వచ్చింది, బాగా సన్నగా. అది ఏ మూల నుంచో తెలియలేదు, ఎందుకంటే అప్పటికి నేను తలెత్తడం మానేశాను. కళ్ళు కాగితం మీద పెట్టి వినిపించిన ప్రతి గొంతుకూ గీత పెట్టుకుంటూ పోయాను. లెక్కపెట్టాలని ఫారంలో ఉంది. తలలే లెక్కపెట్టాలని లేదు.

రిజిస్టరులో ముప్పై ఎనిమిది. హాజరైనవారు ముప్పై ఎనిమిది. సంతకం చేశాను.

బస్సు కోసం నిలబడ్డప్పుడు, పిల్లలకు బాగా చెప్పి ఉంచారు సార్ అన్నాను. హెడ్మాస్టరు నా ముఖం చూశాడు.

"మధ్యాన్నమంతా నీతోనే ఉంటి గదప్పా. నేనెప్పుడు చెప్పినా?" అని ఆగి, "ఇన్నాళ్ళలో వాళ్ళు పలికింది ఈ పొద్దే," అన్నాడు. అరచేతులు చొక్కాకు తుడుచుకుంటున్నాడు. ఆయన కూడా భయపడ్డాడని అప్పుడు తెలిసింది.

ఇంటికి వచ్చి మార్కులు కూడి చూశాను. డెబ్బై ఆరు. నాకిచ్చిన తొమ్మిది బడుల్లో అదే ఎక్కువ. ఫారం ఇచ్చేశాను గానీ ఆ అంకె నన్ను వదల్లేదు. అందుకే మార్చిలో పరీక్షల మొదటి రోజు జమ్మలమడుగులో ఆ బడి పిల్లలకు పడిన కేంద్రం దగ్గరికి పోయాను. నేను రాసిన పదకొండు మందిని కంటితో చూసి లెక్క సరిచేసుకోవాలని.

గేటు దగ్గర హెడ్మాస్టరు హాల్ టికెట్లతో నిలబడి ఉన్నాడు. ఇద్దరు పోలీసులు కుర్చీల్లో ఉన్నారు. ఊరి పిల్లలు ఇరవై ఏడుగురు ఒకే బస్సులో వచ్చి లోపలికి పోయారు. ప్రొద్దుటూరు నుంచి వచ్చేవాళ్ళు ఇద్దరూ ముగ్గురూగా వచ్చి, హాల్ టికెట్లు తీసుకుని, వాళ్ళ వెనకే పోయారు. ఒకరినొకరు పలకరించుకోలేదు. పది మంది. మొదటి గంట కొట్టారు. రెండో గంట కొట్టారు. గేటు మూశారు. ఆయన చేతిలో ఒక హాల్ టికెట్టు మిగిలింది, పులివెందుల అబ్బాయిది.

కాసేపటికి గుడ్డ సంచి పట్టుకుని ఒక మనిషి వచ్చాడు. హెడ్మాస్టరు ఆయన్ని ఆ అబ్బాయి తండ్రిగా గుర్తుపట్టి, పిల్లోడేడి అని అడిగాడు. ఆ మనిషి సంచిలోంచి నోట్సుల మూట తీసి ఇచ్చాడు. అబ్బాయి కార్తీక మాసంలో కామెర్లతో పోయాడని చెప్పాడు.

నేను ఆ బడికి పోయి పేర్లు పిలిచింది సంక్రాంతి సెలవులు అయ్యాక, కార్తీకం పోయిన రెండు నెలలకు. మనసులో రెండుసార్లు లెక్క వేశాను. తేడా రాలేదు.

ప్రతి వారం మూట వస్తూనే ఉంది గదా అన్నాడు హెడ్మాస్టరు.

"చెప్తే పేరు కొట్టేస్తారు. ఏమాయ, యాడాయ అని అడుగుతారు. మేముండే తావు బయటపడుతుంది సార్," అన్నాడు తండ్రి. "అదొకటే గాదు. మూట వచ్చినప్పుడల్లా వాళ్ళమ్మ విప్పి చూసేది. ఈ వారం ఏం చెప్పినారో అని."

హాల్ టికెట్టు ఇవ్వమని అడిగాడు. ఇవ్వవచ్చో లేదో నాకు తెలియదు, హెడ్మాస్టరు ఇచ్చేశాడు. ఆ మనిషి దాని మీది ఫొటో ఒకసారి చూసి జేబులో పెట్టుకుని, గేటు ఎదురుగా గోడ నీడలో కూర్చున్నాడు. బస్సుకు పోవా మామా అని అడిగాను. పరీక్ష అయిపోయినాక రమ్మని పిల్లోని అమ్మ చెప్పి పంపిందన్నాడు.

పరీక్ష పూర్తయ్యేదాకా కూర్చున్నాడు. పక్కన హెడ్మాస్టరు, ఆయన ఒళ్ళో విప్పిన మూట. గంట కొట్టి పిల్లలు బయటికి వస్తున్నప్పుడు ఊరి పిల్లల్లో ఒక అమ్మాయి వాళ్ళ ముందు ఆగింది. నాకు ఆ రోజు జవాబు చెప్పిన అమ్మాయే. హెడ్మాస్టరు ఒళ్ళోని నోట్సు చూసింది, తన చేతిరాతే కావచ్చు. తర్వాత ఆ మనిషిని చూసింది. వెనక నుంచి బస్సు పోతాండాది రమ్మని కేక వేస్తున్నారు.

చేతిలోని ప్రశ్నపత్రం ఆ తండ్రికి ఇచ్చింది.

"ఇంటికి తీసుకపో మామా," అంది.

ఆయన దాన్ని మడత పెట్టలేదు. రెండు చేతులతో పట్టుకుని, గాలికి రెపరెపలాడకుండా రొమ్ముకు ఆనించుకుని, పులివెందుల బస్సు నిలిచే వైపు నడిచిపోయాడు.