చేదని చెప్పిన సొరకాయ

నా చిన్నప్పుడు నాచారంలో మేముండే గదుల వరుసకు ఒక వాసన ఉండేది. ఫ్యాక్టరీల పొగ కాదు, దానికి మా ముక్కులు ఎప్పుడో అలవాటు పడ్డాయి. ఇది పక్కింటి పెద్దమ్మ వాకిట్లో మూత పెట్టిన బకెట్ వాసన. కూరగాయల తొక్కలు, కుళ్లిన టమాటాలు, చేపల పొలుసులు, పేడ, అన్నీ అందులోకే పోయేవి. పొద్దున్నే ఆమె మూత తీసి కట్టెతో కలిపితే తెల్లటి పురుగులు పైకి తేలేవి. నేను ముక్కు మూసుకుని బడికి పరుగెత్తేవాణ్ణి.

పెద్దమ్మ మాకు చుట్టం కాదు. నల్లగొండ దిక్కు నుంచి వచ్చిన మనిషి. ఊళ్లో చేను వదిలి వచ్చినా చేతులు ఊరుకోలేదేమో, మంచమంత వాకిట్లోనే నూనె డబ్బాల్లో పాలకూర, పగిలిన బకెట్లలో మిరప, పాత సిమెంటు తొట్టిలో సొర పెంచేది. సొరతీగ కిటికీ చువ్వలు పట్టుకుని రేకుల మీదికి పాకింది. అన్నిటికీ ఎరువు ఆ బకెట్‌లోదే. చేపలు కడిగిన నీళ్లు కూడా తొట్టిలోనే పోసేది. ఆమె ఇచ్చిన ఆకుకూర మా ఇంట్లో వండితే నేను ముట్టేవాణ్ణి కాదు. “పురుగుల కూర” అని చెప్పి వరుసలోని పిల్లలను నవ్వించేవాణ్ణి.

ఆ ఎండాకాలం మా అమ్మకు కామెర్లు వచ్చాయి. ఏది తిన్నా వాంతి. నూనె, కారం లేకుండా ఉడికించిన లేత సొరకాయ ఒక్కటే ఇమిడేది. ఆ ఎండలకు బజారులో లేత కాయ దొరకడం లేదు. పెద్దమ్మ తొట్టిలో మాత్రం ఒకే ఒక్క కాయ నిలిచింది. తొట్టిలో పెరిగిన తీగ, బరువు మోయలేదని పాత చీర పేలికతో ఆ కాయను ఉట్టిలా కట్టి చువ్వకు వేలాడదీసింది. “ఇది నీకేనే చెల్లె, జర పెరగనియ్యి” అని అమ్మకు మాటిచ్చింది. అమ్మ దాని కోసమే ఎదురుచూసింది.

కోసిన రోజు పెద్దమ్మ నన్ను పిలిచి కాయ చేతిలో పెట్టింది. చీర పేలిక తొడిమకు అలాగే ఉంది. “పదిలంగ తీస్కపో కొడుకా, నాయినకియ్యి, వండుతడు” అంది. కాయ తడిగా తగిలింది. అది చేపనీళ్ల తడే అనిపించి ఒళ్లు జలదరించింది. మా గుమ్మం దాటిపోయి, వరుస చివర మోరీలోకి జారవిడిచాను. అమ్మ అడిగితే, పెద్దమ్మ ఏమీ ఇవ్వలేదన్నాను. ఆ పూట అమ్మ గంజి తాగి, అదీ కక్కుకుంది. “అక్క మరిచింది కావచ్చు” అని గోడవైపు తిరిగి పడుకుంది.

మర్నాడు మోరీ పొంగింది. మురికినీళ్లు గడపల దాకా వచ్చాయి. పెద్దమ్మ కట్టెతో పొడిస్తే ఉబ్బిన సొరకాయ తేలింది, మెడకు ఆమె చీర పేలికతో. “నీ చెట్ల చెత్తతోని సచ్చిపోతున్నం” అని అందరూ ఆమెనే తిట్టారు. ఆమె నన్ను చూసింది. చేతులు కడుక్కుని అమ్మ దగ్గరికి వెళ్లింది. నేను తలుపు వెనక నక్కాను.

“ఏంజెప్పాలె చెల్లె, కోసి ముక్క నోట్లేస్కుంటే చేదు. మోరీల పారేసిన.”

“నీ చేతి కాయ చేదా?”

“తొట్టి గదనే, ఏర్లకు జాగ లేక ఒక్కోపారి గట్లైతది.”

“గీ ముచ్చట నిన్ననే చెప్తే అయిపోతుండె. మరిచినవనుకొని ఏడ్సిన” అని అమ్మ నవ్వింది.

బయటికి వచ్చి పెద్దమ్మ నన్ను మోరీ దగ్గరికి తీసుకుపోయింది. “తియ్యి. కట్టెతోని గాదు, చేత్తోని.” జిగురు జిగురుగా ఉన్న దాన్ని ఏడుస్తూ కుడిచేత్తో తీసి ఆమె బకెట్‌లో వేశాను. “నా కంపు కొన్ని దినాలకు మన్నైతది. నీ కంపు సూడు, అందరి గడపలకొచ్చె” అంది, అంతే. సబ్బు అరిగేదాకా కడిగినా నా చెయ్యి వాసన పోలేదు. ఆ బకెట్ కంటే నా మీదే నాకు ఎక్కువ రోత పుట్టింది.

ఆ తర్వాత రోజూ పొద్దున బకెట్ కలపడం నా పని అయింది. వానలు వెళ్లేటప్పుడు ఆమె అడుగునుంచి పిడికెడు తీసి నా ముక్కు దగ్గర పెట్టింది. నల్లటి మట్టి. తొలకరి వాసన తప్ప ఏమీ లేదు. “ఇగ తింటవా పురుగుల కూర?” అంది. నా వెక్కిరింత ఆమె చెవిన ఎప్పుడో పడిందని అప్పుడు తెలిసింది.

మా అమ్మ పోయేదాకా సొరకాయ కోసినప్పుడల్లా ముందు ఒక ముక్క కొరికి చూసేది. “అక్క తొట్టిల కాయనే చేదెక్కింది, నమ్మరాదు” అనేది. నిజం చెప్పడానికి నాకు అన్నేళ్ల సమయం దొరికింది. నేను చెప్పలేదు. పెద్దమ్మ చేతి మీద చేదు కాయ అన్న ఆ మచ్చ అలాగే ఉండనిచ్చాను.

ఇప్పుడు అదే నాచారంలో, నా ఫ్లాట్ బాల్కనీలో తొట్లున్నాయి, మూత పెట్టిన బకెట్ ఉంది. కింది అంతస్తు పిల్లలు ముక్కు మూసుకుని “ఛీ, అంకుల్” అంటూ పోతారు. వాళ్ల మీద కోపం రాదు. నాకు మాత్రం ఏదైనా, ఎవరైనా రోతగా అనిపిస్తే, ముందు నా కుడిచెయ్యి వాసన చూసుకుంటాను.