కాసేపాగు గారి పవర్ స్టేషన్

పెదనాన్నకి ఉన్నది ఒకటే జబ్బు. ఎవరు ఏ పని మొదలుపెట్టబోయినా అడ్డం వచ్చి "ఇప్పుడే కావాలా?" అంటాడు. మంచినీళ్లడిగినా అదే మాట, మంత్రిగారు మీటింగు పెట్టినా అదే మాట. విద్యుత్ శాఖలో పనిచేసినన్నాళ్లూ అందరూ ఆయన్ని చాటుగా "కాసేపాగు గారు" అనేవాళ్లు. రిటైరయ్యాక మొహం మీదే అనడం మొదలుపెట్టారు. ఆయనేమీ నొచ్చుకోలేదు. నొచ్చుకోవడం కూడా తర్వాత చూసుకోవచ్చనుకున్నట్టున్నాడు.

సాయంత్రమైతే జబ్బు ముదిరేది. వీధిదీపాలు వెలిగిన దగ్గర్నుంచి జనం భోజనాలు ముగించేదాకా ఆయన ఇంట్లో ఇస్త్రీపెట్టె ముట్టుకోకూడదు, గీజరు వేయకూడదు, మిక్సీ పేరెత్తకూడదు.

"ఉల్లిపాయలు రుబ్బాలండీ, బాణలి పొయ్యి మీదుంది" అనేది పెద్దమ్మ.

"ఇప్పుడే కావాలా?"

"లేదు, వచ్చే జన్మకి!"

"మధ్యాహ్నం రుబ్బి పెట్టుకోవచ్చుగా? ఎండ ఉన్నంతసేపూ సోలార్ కరెంటు కావలసినంత. సాయంత్రం ఊరంతా ఒక్కసారే స్విచ్చులు నొక్కితే పాపం వాళ్లెక్కణ్ణుంచి తెస్తారు?"

ఆ వాళ్లెవరో, వాళ్ల మీద ఆయనకి అంత జాలెందుకో పెద్దమ్మకి అర్థమయ్యేది కాదు. అసలు అంత ఉద్యోగం చేసినవాడు ప్రభుత్వ క్వార్టర్స్ వదిలేసి, రైలు కట్ట అవతల దర్జీల పేటలో కాపురం ఎందుకు పెట్టాడో కూడా ఆవిడకి అర్థం కాలేదు. ఊళ్లో కరెంటు చాలకపోతే మొట్టమొదట చీకటయ్యేది ఆ పేటే. పిసినారి కాబట్టి అద్దె తక్కువని చేరాడని చుట్టాలందరూ తీర్మానించారు.

ఒకసారి పక్కవాటాల అన్నదమ్ములిద్దరూ గోడ కోసం కొట్టుకోబోతుంటే మధ్యలో దూరాడు. "కొట్లాట ఇప్పుడే కావాలా? ఇద్దరి ఇళ్లల్లో ఫ్యాన్లు ఊరికే తిరుగుతున్నాయి. ముందు అవి ఆపేసి రండి" అన్నాడు. వాళ్లు లోపలికెళ్లి ఫ్యాన్లు ఆపి వచ్చేసరికి ఏ మాట దగ్గర ఆగారో ఇద్దరికీ గుర్తురాలేదు.

ఈయన తమ్ముడి కూతురు విద్యుత్ శాఖలో ఇంజనీరు. పట్టుదల మనిషి. కొత్త పథకం ఒకటి ఆ పిల్ల నెత్తిన పడింది. కాగితాల మీద దాని పేరు వర్చువల్ పవర్ ప్లాంట్. ఇంటింటికీ డాబా మీద సోలార్ పలకలు, మెట్ల కింద బ్యాటరీ, గోడకి ఏసీ. వీటన్నిటినీ ఒకే తాటి మీదకి తెచ్చి, ఊరికి కరెంటు చాలని వేళ ఒక్క బటన్‌తో అందరి వాడకం కాస్త తగ్గిస్తే, కొత్తగా పవర్ స్టేషన్ కట్టినంత లాభం. పొగ ఉండదు, గొట్టం ఉండదు.

శాఖ కార్యదర్శి మేడమ్ నవ్వడం ఎవరూ చూడలేదు. ఆవిడ ఒకటే చెప్పింది: "ఒక కాలనీలో, ఒక సాయంత్రం చేసి చూపించమ్మా. తెర మీద కాలనీ వాడకం చూపే గీత కిందికి దిగితే రాష్ట్రమంతా పెడదాం. దిగకపోతే డీజిల్ జనరేటర్ల ఫైలు మీద సంతకం పెట్టేస్తాను."

ఆ జనరేటర్లకి చూసిన స్థలం దర్జీల పేటని ఆనుకునే ఉంది. పగలంతా పొగ, రాత్రంతా మోత. "నేనుండగా ఆ పొగ పేట మీదకి రానివ్వను" అనుకుంది ఇంజనీరమ్మాయి.

తీరా రైలు కట్టకి ఇవతల ఒక కాలనీని ఎంచుకుని వెళ్తే అందరిదీ ఒకటే రాగం. "మా బ్యాటరీ మీ చేతికెందుకివ్వాలండీ?" మూడో వీధిలో రిటైర్డ్ హెడ్మాస్టరుగారైతే గేటు కూడా తీయలేదు. అప్పుడా పిల్లకి పెదనాన్న గుర్తొచ్చాడు.

"సలహాదారుగా రావాలి పెదనాన్నా."

"ఇప్పుడే రావాలా?"

"నిన్ననే రావాల్సింది. పద!"

పెదనాన్న గడప గడపకీ తిరిగాడు. తిట్టినచోట కూర్చున్నాడు, తలుపేసినచోట అరుగు మీద కూర్చున్నాడు. ఏసీ వేస్తే కిటికీలోంచి తొంగిచూసి "ఇప్పుడే కావాలా మాస్టారూ?" అనేవాడు. ఆ పోరు పడలేక కొందరు, ఆ మనిషి నచ్చి కొందరు, చివరికి అందరూ ఒప్పుకున్నారు. కానీ ఒక షరతు పెట్టారు: ఎవరి బ్యాటరీ వాళ్ల ఇంటికే. ఒక్క చుక్క కూడా గేటు దాటకూడదు.

పరీక్ష సాయంత్రం రానే వచ్చింది. కాలనీ ఆఫీసు గదిలో పెద్ద తెర పెట్టారు. కార్యదర్శి మేడమ్ వచ్చింది. భర్త తిండి మర్చిపోతాడని పెద్దమ్మ టిఫిన్ క్యారేజీ పట్టుకుని వచ్చి ఓ మూల కూర్చుంది. కుర్చీలు వేయించే హడావుడిలో ఇంజనీరమ్మాయి తెర వైపే చూడలేదు. టైమవగానే బటన్ నొక్కింది.

గీత కదల్లేదు. మళ్లీ నొక్కింది. ఊహూఁ.

ఆ పిల్ల పరుగున వీధిలోకొచ్చి చూస్తే కాలనీ అంతా చీకటి. హెడ్మాస్టరుగారు వరండాలో పేపరుతో విసురుకుంటున్నారు.

"ఏసీ ఎప్పుడాపారు మాస్టారూ?"

"ఎప్పుడో! అందరం పెందలాడే ఆపేశాం. పెద్ద ఆఫీసరు వస్తోందిగా, మీ పెదనాన్న పరువు పోకూడదని."

ఇంటింటిదీ ఇదే కథ. ఆయన మీద అభిమానంతో కాలనీ అంతా ముందే అన్నీ కట్టేసి కూర్చుంది. ఇక బటన్ నొక్కితే తగ్గడానికి మిగిలిందేముంది!

వెనక్కి వచ్చేసరికి మేడమ్ బ్యాగు సర్దుకుంటోంది. "దిగలేదమ్మా గీత."

"దిగడానికి లేదు మేడమ్, ముందే అడుగున ఉంది!"

పెదనాన్న మొహం పాలిపోయింది. "వెళ్లి అందరినీ ఏసీలు వేయమని చెప్పనా?" అన్నాడు. పెళ్లయిన నాటి నుంచి ఆయన నోట స్విచ్చు వేయమనే మాట వినని పెద్దమ్మ ఉలిక్కిపడింది.

"వద్దు పెదనాన్నా. వేయించి ఆపితే అది దొంగలెక్క. పొద్దుటి నుంచి ఎండ తాగిన బ్యాటరీలు నిండుగా ఉన్నాయి కదా, వాటిని బయటికి తిప్పుదాం. అందరూ ఫోన్లో సరే అని నొక్కాలి. మేడమ్, పది నిమిషాలివ్వండి."

మేడమ్ బ్యాగు కింద పెట్టింది.

పెదనాన్న వీధి మధ్యలో నిలబడి గొంతెత్తాడు. "అయ్యా! అమ్మా! రైలు కట్ట అవతల దర్జీల పేటకి ఇంకాసేపట్లో కరెంటు తీసేస్తారు. మీ పిల్లల బట్టలు కుట్టేది అక్కడే. మీ బ్యాటరీ ఒక్క గంట గేటు దాటనివ్వండి!"

హెడ్మాస్టరుగారు విసురుకోవడం ఆపి, ఎన్నాళ్లుగానో దాచుకున్న కసి తీర్చుకున్నారు. "ఇప్పుడే కావాలా?"

"ఇప్పుడే!" అని అరిచాడు పెదనాన్న. "ఇప్పుడే కావాలి మాస్టారూ!"

వీధి వీధంతా నోరెళ్లబెట్టింది. కాసేపాగు గారే ఆగలేకపోతున్నారంటే సంగతి మామూలుది కాదనుకున్నారు. హెడ్మాస్టరుగారే అందరికంటే ముందు ఫోను తీశారు. వరసగా అన్ని వరండాల్లోనూ ఫోన్లు వెలిగాయి.

తెర మీద గీత జారింది. సున్నా దాటి ఇంకా కిందికి దిగింది. కరెంటు వాడుకునే కాలనీ కాస్తా కరెంటు ఇచ్చే కాలనీ అయి కూర్చుంది. ఇంజనీరమ్మాయి కళ్లు తుడుచుకుంటూ నవ్వేసింది.

పెదనాన్న గదిలోకి వచ్చేసరికి ఊరి కరెంటు పంపకాలు చూసే కంట్రోల్ రూము నుంచి మేడమ్‌కి ఫోనొచ్చింది. అందరూ వినాలని ఆవిడ స్పీకరు పెట్టింది.

"మేడమ్, దర్జీల పేటకి ఇవాళ కోత అక్కర్లేదు. కాసేపాగు గారు అక్కడే ఉంటే చెప్పండి, ఆయన ఇంటికి కోత లేదని."

"ఆయన ఇంటికా?"

"మా గురువుగారండీ. ఈ కుర్చీలో ఆయన కూర్చున్నప్పుడు, కరెంటు చాలకపోతే ఆస్పత్రి లైనూ నీళ్ల పంపుల లైనూ వదిలేసి, తప్పక పేట లైను తీసేవారు. తీసేవాడు కూడా ఆ చీకట్లోనే ఉండాలని క్వార్టర్స్ వదిలేసి కాపురం అక్కడికి మార్చారు."

ఇన్నేళ్లూ ఆయన ఇంటింటా ఆ ఒక్క ప్రశ్న ఎందుకడిగాడో ఇంజనీరమ్మాయికి అప్పుడర్థమైంది. ఒక్కరు ఆగినా ఆ పూటకి పేటకి వెలుతురు మిగులుతుందని ఆయన ఆశ.

పెద్దమ్మ మెల్లిగా లేచింది. "అయితే కరెంటు తీసి నా మిక్సీ ఆపిన వెధవ మీరేనా?"

"నేనే."

"మీరు ఇంటికి రాగానే మీ ఎదురుగానే తిట్టేదాన్ని కదండీ, వాడి చెయ్యి పడిపోనూ అని! మీరూ తలూపేవారు!"

"నువ్వన్నదాంట్లో తప్పేముందని ఊపేవాణ్ణి."

అప్పుడు నవ్వింది కార్యదర్శి మేడమ్. "రాష్ట్రంలో మిగతా ఊళ్లల్లో ఎప్పుడు మొదలుపెడదామండీ?"

అందరూ పెదనాన్న వైపు చూశారు. ఆయన గొంతు సవరించుకున్నాడు. "రేపు పొద్దున్నే. బస్సు టైమెప్పుడో కనుక్కోమ్మా" అన్నాడు తమ్ముడి కూతురితో.

ఆ పూట ఇంటికొచ్చాక, పేటంతా కుట్టుమిషన్లు మోగుతుంటే, పెదనాన్న తనే ఉల్లిపాయలు ఒలిచి మిక్సీ ముందు పెట్టాడు. "రుబ్బుకో. ఎవరూ తీయరు."

పెద్దమ్మ స్విచ్చు మీద వేలు పెట్టి, పక్కింటి మిషను చప్పుడు కాసేపు విన్నది. వేలు తీసేసింది.

"రేపు మధ్యాహ్నం రుబ్బుతాను లెండి. ఇప్పుడే కావాలా ఏంటి?"