నా సీరం విరిగిన మూడు రోజులు

దయ్యాలున్నాయంటే నవ్వే రకం నేను. ల్యాబ్‌లో పనిచేసేదాన్ని, కంటికి కనిపించింది కూడా రెండోసారి చేసి చూస్తే గానీ నమ్మను. ఇది నమ్మి రాయడం లేదు. జరిగింది కాబట్టి రాస్తున్నాను.

మా పశువైద్య కళాశాల తరఫున బోధన్‌లో ఒక చిన్న ల్యాబ్ ఉంది. ఈసుడు రోగం మీద పని. ఆ రోగమొచ్చిన బర్రె నెలలు నిండకుండానే ఈసుకుపోతుంది, అంటే కడుపులోని దూడ పోతుంది. దాని పచ్చిపాలు తాగినా, దూడతోపాటు పడే మాయ ముట్టుకున్నా మనుషులకూ అంటుతుంది. ఇక నెలల తరబడి జ్వరం, కీళ్లనొప్పులు. అందుకే ఒకే ఇంట్లో బర్రె రక్తం, మనిషి రక్తం రెండూ తీసి చూస్తాం.

రక్తం తెచ్చేది స్వరూప, పరీక్ష చేసేది నేను. స్వరూప నాకంటే నాలుగేళ్లు చిన్నది. నేను నిజామాబాద్‌లో బీడీలు చుట్టే ఇంట్లో పుట్టి, బర్రెను పుస్తకంలో చదువుకున్నదాన్ని. ఆమె రైతుబిడ్డ. ఆమె సూది గుచ్చితే బర్రె తోక కూడా ఆడించదు. నన్ను చూసి తలుపు వేసుకునేవాళ్లు ఆమెకు చాయ్ పోసి మరీ చెయ్యి చాపుతారు. మా ల్యాబ్ చూసుకునే సార్ నోట రోజూ ఆమె పేరే. దాచడమెందుకు, కుళ్లుకునేదాన్ని.

ఎడపల్లిలో పోశవ్వ అని ఒక పెద్దామె. ఆమె బర్రె రెండుసార్లు ఈసుకుపోయింది. ఆమెకేమో రెండు నెలలుగా సాయంత్రమయ్యేసరికి జ్వరం. టైఫాయిడ్ అనుకుని సూదులు వేయించుకుంటోంది. కాదు, ఇది బర్రె నుంచి వచ్చిందేనని స్వరూప పట్టుబట్టి ఇద్దరి రక్తమూ తెచ్చింది.

రక్తం గడ్డకట్టాక పైన తేలే నీరే సీరం. గాజు పలక మీద దాని చుక్కలో గులాబీ రంగు మందు కలిపి, పలకను నాలుగు నిమిషాలు ఊపుతాం. రోగముంటే పాలు విరిగినట్టు పలుకులు తేలుతాయి. బర్రెది విరిగింది. పోశవ్వదీ విరిగింది. ఒకే ఇంట్లో రెండూ దొరకడం మాకు అదే మొదలు. ఇక సార్ స్వరూపను నెత్తిన పెట్టుకుంటారు. నేను పోశవ్వ పేరు ఎదురుగా ‘శాంపిల్ పాడైంది’ అని రాసి, ఆమె ట్యూబును ఫ్రిజ్‌లో ఐసు ప్యాకెట్ల కింద దూర్చాను. నాలుగు రోజులు ఆలస్యమైతే ఏం పోతుందిలే అనుకున్నాను.

మా ల్యాబ్‌లో ఒక అలవాటుంది. రోజూ పని మొదలుపెట్టే ముందు, మందు సరిగ్గా ఉందో లేదో తెలియడానికి రోగం లేని మనిషి సీరంతో ఒకసారి చూస్తాం. ఆ మనిషిని నేనే. వారానికోసారి స్వరూప నా రక్తం తీసి పెడుతుంది. రెండేళ్లలో ఒక్కసారీ విరగలేదు.

మర్నాడు పొద్దున విరిగింది. మందు మార్చి చూశాను, అయినా విరిగింది. రెండో రోజు కొత్తగా రక్తం తీయించుకుని, సగం నిజామాబాద్‌లో వేరే ల్యాబ్‌కు పంపాను. రోగం లేదని రాసిచ్చారు. మిగతా సగం మా పలక మీద విరిగింది.

మూడో రోజు పొద్దున మళ్లీ నా రక్తం తీస్తూ స్వరూప ఏడ్చినంత పని చేసింది. “అక్కా, పచ్చిపాలు గిన తాగినవా? మందులు షురూ చేద్దాం. గిట్ల ఇడిసిపెడితే కీళ్లు పట్టుకుంటయ్.” ఆ మంచితనం చూస్తే నాకు ఇంకా మండింది. ఆ సీరమూ విరిగింది.

మధ్యాహ్నం స్వరూప లేనప్పుడు పోశవ్వ గోడ పట్టుకుంటూ వచ్చింది.

“బిడ్డా, నా నెత్తురుల ఏమొచ్చింది? నడుమైతే లేస్తనే లేదు.”

ఇంకా తేలలేదవ్వా అన్నాను. సరే బిడ్డా అని బయటికి వెళ్లి, మెట్లు దిగలేక అక్కడే కూర్చుండిపోయింది. ఆటో వచ్చేదాకా గంటసేపు అట్లాగే ఉంది.

నాకు ఉండబట్టలేదు. దాచిన ట్యూబు బయటికి తీశాను. సాయంత్రం స్వరూప రాగానే అంతా చెప్పి, ఆమె ఎదుటే పోశవ్వ చుక్క, పక్కన నా చుక్క వేసి ఊపాను. పోశవ్వది విరిగింది. నాది విరగలేదు. పొద్దున విరిగిన ట్యూబే అది, మందూ అదే.

స్వరూప పోశవ్వ ట్యూబును తన చేతిలోకి తీసుకుంది. “సార్‌కు నేను చెప్ప అక్కా. అవ్వకు మాత్రం నువ్వే చెప్పాలె,” అంది.

చెప్పాను. సరైన మందులు పడ్డాక పోశవ్వ జ్వరం మెల్లగా తగ్గింది.

ఏదో కలిసిపోయి ఉంటుందని నాకు నేను చెప్పుకుంటాను. కానీ ఒకే ట్యూబు పొద్దున ఒకలా, సాయంత్రం ఇంకోలా ఎందుకు చూపించిందో నాకు ఇప్పటికీ తెలియదు.

మొదటి రెండు రోజుల ట్యూబులు ఇంకా ఫ్రిజ్‌లోనే ఉన్నాయి. “ఒకసారి చూద్దామా అక్కా?” అని మొన్న స్వరూప అడిగింది. మళ్లీ విరుగుతాయేమోనని వద్దన్నాను. ముందు రోజే సార్ అందరి ముందు ఆమెను మెచ్చుకున్నారు. చప్పట్లు కొడుతూనే నేను కుళ్లుకున్నాను.