మా మీసాలు, మా అమ్మ చావు

నాకు కోపం ఎక్కువని మా ఆవిడ అంటుంది. ఆ ఏడాది నవ్వుతూ ఎలా ఉండాలో ఆవిడైనా చెప్పలేదు. ఆరేళ్ళ మా అమ్మాయికి రక్తంలో క్యాన్సర్ అన్నారు. నా ఉద్యోగం సునాబెడ ఇంజన్ల ఫ్యాక్టరీలో. క్వార్టర్స్ నుంచి పిల్లని విశాఖ తీసుకెళ్ళి మందు ఎక్కించుకు రావడం, మళ్ళీ వెళ్ళేదాకా జ్వరం రాకుండా కాచుకోవడం, ఇదే మా పని. జ్వరం వస్తే డోసు ఆగిపోతుంది, పిల్లకే ముప్పు కావచ్చు. "ఇంటికి ఎవరినీ రానివ్వకండి" అని డాక్టరు గారు రెండుసార్లు చెప్పారు. మా చుట్టాల సంగతి ఆయనకు తెలియదు, పాపం.

మావాళ్ళ దృష్టిలో రోగిని చూడ్డానికి వెళ్ళకపోవడం కన్నా పెద్ద తప్పు లేదు. వచ్చినవాళ్ళు ఊరికే చూసి పోరు. బుగ్గ గిల్లాలి, ముద్దు పెట్టాలి, పక్క మీద కూర్చుని తమ ఊళ్ళో ఇదే జబ్బుతో ఎవరెవరు పోయారో చెప్పాలి. డాక్టరు మాట నేను చెబితే, "మేం పరాయోళ్ళమేటి?" అని మొహం ముడుచుకునేవారు. గుణుపూర్ దగ్గర మా ఊరి నుంచి అమ్మ వచ్చి, గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాకే కొంత శాంతి. ఆవిడ చేతిలో ఎప్పుడూ సబ్బు ఉండేది.

రెండో డోసుకి పిల్ల జుట్టంతా రాలిపోయింది. "నాకొక్కదానికే గుండేటి? నేను రైలెక్కను" అని మొండికేసింది. గురువారమే మూడో డోసు. బతిమాలాను, అరిచాను, అరిచినందుకు మళ్ళీ బతిమాలాను. చివరికి ఊళ్ళో వ్యవసాయం చేసుకునే మా అన్నయ్యకు, తమ్ముడికి ఫోన్ చేశాను. శనివారానికల్లా ఇద్దరూ దిగారు. ఆదివారం పొద్దున్న ముగ్గురం గుండు కొట్టించుకుని వచ్చి, పిల్ల గది గుమ్మం ఇవతల వరసగా నిలబడ్డాం.

పిల్ల మమ్మల్ని ఒక్కొక్కరినే తనిఖీ చేసింది. "మరి మీసాలు? నాకు మీసాల్లేవు కదా" అంది.

న్యాయంగానే ఉంది. మళ్ళీ మంగలి షాపుకి వెళ్ళాం. మాలో తల్లో తండ్రో పోతే తప్ప మగవాడు గుండుతో పాటు మీసం తీయడు. మా నాన్న పోయినప్పుడు తీశాం, పదేళ్ళయింది. మంగలి ఒడియా అతను. అతనికీ ఆ సంగతి తెలుసు కాబోలు, ఏమీ అడక్కుండా తలొంచుకుని పని కానిచ్చాడు. మాకు మాత్రం పిల్ల రైలెక్కుతుందన్న సంతోషం తప్ప ఇంకేమీ తట్టలేదు. ముగ్గురిలో ఒక్కడికి బుర్ర ఉన్నా తట్టి ఉండేది.

అన్నయ్య, తమ్ముడు ఆ మధ్యాహ్నమే రాయగడ మీదుగా ఊరికి బయల్దేరారు. వాళ్ళు బస్సు దిగడం ఊరు చూసింది. గుండ్లు ఉన్నాయి, మీసాల్లేవు, వెంట అమ్మ లేదు. ఇంకేం కావాలి? ఇలాంటప్పుడు నోరు తెరిచి అడగడం మర్యాద కాదు కనక ఎవరూ అడగలేదు, జాలిగా చూశారు. ఆ జాలి పిల్ల గురించి అనుకుని మావాళ్ళూ తలలూపి ఇళ్ళకు పోయారు. గుండు చేయించుకున్నారంటే పదో రోజు అయిపోయినట్టే. అంటే ఇన్నాళ్ళూ కబురు దాచారు, భోజనాలకు కూడా పిలవలేదు. ఊరికి దుఃఖమూ రోషమూ ఒకేసారి వచ్చాయి.

మంగళవారం మధ్యాహ్నం మా క్వార్టర్ ముందు ఒక బొలెరో ఆగింది. అందులోంచి పద్నాలుగు మంది మనుషులు, రెండు గుమ్మడికాయలు, ఒక బియ్యం మూట దిగాయి. అందరికన్నా ముందు మా మేనత్త. గేటు దగ్గరే రాగం అందుకుంది.

"ఓ వదినో, సెప్పకుండా ఎళ్ళిపోనావా వదినో, నీ సేతి ముద్ద తినకుండా ఎలగుండీది వదినో..."

వెనక మిగతావాళ్ళు వంత. అన్ని ముక్కులు, అన్ని చేతులు, అన్ని దగ్గులు నేరుగా నా పిల్ల ఉన్న ఇంటివైపు వస్తుంటే నేను పిల్ల గది తలుపు మూయడానికి పరిగెత్తాను.

అమ్మ తలుపు తీసింది. చేతిలో సబ్బు.

"ఏటే, ఎవరు సచ్చిపోనారు?" అంది.

మా మేనత్త తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. వెనకున్నవాళ్ళకి కనబడక ఇంకాసేపు ఏడ్చారు. మీసాల కథ నేను చెప్పాక, సంతోషించాలో కోప్పడాలో తేలక, "అయితే పిల్లని సూసి ఎళ్తాం" అని చెప్పులు విడిచారు.

"ఆగండి," అంది అమ్మ. "సావు పలకరింపుకొచ్చినోళ్ళు తానం సెయ్యకుండా పిల్లున్న ఇంట్లోకి వస్తారేటి?"

"నువ్వు బతికే ఉన్నావు గదా వదినా," అంది మేనత్త.

"నువ్వు బయల్దేరింది సావుకి గాదేటి?"

డాక్టరు మాటకు లొంగనివాళ్ళు మైలకు లొంగారు. మైల స్నానం కట్టుబట్టలతోనే చెయ్యాలి. పుష్యమాసపు సునాబెడ చలిలో, వాకిట్లో కుళాయి కింద, పద్నాలుగు మందీ వంతులవారీగా, బతికున్న మనిషికి చావు స్నానం చేశారు. పళ్ళు టకటకలాడుతుండగా మళ్ళీ గుమ్మం దగ్గరికొచ్చారు.

"తడిబట్టల్తో లోపలికొస్తే పిల్లకి పడిశం పడతాది," అంది అమ్మ.

తిక్కలోడు తిరనాళ్ళకెళితే ఎక్కా దిగా సరిపోయిందట. మా ఆవిడ వాళ్ళ గుమ్మడికాయే వండి వాకిట్లో వడ్డించింది. తిని, ఎండలో ఆరి, బొలెరో ఎక్కారు. పిల్ల కిటికీ అద్దం వెనక నుంచి ఇదంతా చూసి, కడుపు పట్టుకుని నవ్వింది. ఆ నవ్వు విని ఎన్ని నెలలయిందో నాకే గుర్తులేదు.

వాళ్ళు వెళ్ళాక అమ్మ మీద గయ్యిమన్నాను. అంతమంది నువ్వు పోయావని ఏడిస్తే నీకు చీమ కుట్టినట్టయినా లేదా అని.

"ఏటిరా అరుపులు," అంది, చేతి సబ్బు కడుక్కుంటూ. "బతికున్న మనిసికి సావు కబురొస్తే ఆయుష్షు పెరుగుతాదంటారు గదా. నాకెందుకురా ఇంకా. పెరిగిందంతా మన అమ్మికి ఇచ్చెయ్యమని అమ్మోరికి సెప్పేసినాను."

నాకు ఇలాంటివాటి మీద నమ్మకం లేదు. ఆవిడ కుర్చీలో కూలబడి ఏడ్చాను.

గురువారం పొద్దున్న థర్మామీటరు పెట్టాం. జ్వరం లేదు. పిల్ల కోరాపుట్‌లో రైలెక్కింది.

మందులు ఇంకా సాగుతున్నాయి. పిల్లకి జుట్టు వచ్చింది, రెండు జడలు వేసుకుని బడికి పోతోంది. అన్నయ్య, తమ్ముడు మీసాలు పెంచుకున్నారు. "నువ్వూ పెంచుకో నాన్నా" అని పిల్లే అంటుంది. ఏ నమ్మకమూ లేని నేను, ఆ ఇచ్చిన ఆయుష్షు ఎక్కడ వెనక్కి పోతుందోనని, రోజూ పొద్దున్నే గీసేస్తున్నాను. ఆఖరి డోసు అయ్యాక చూద్దాం.

మొన్న కోరాపుట్ సంతలో తెలిసినాయన ఒకరు మీసం లేని నా మొహం చూసి ఆగి, గొంతు తగ్గించి, "అమ్మగారు ఎప్పుడు పోయేరు?" అని అడిగాడు.

పక్కనే వంకాయలు ఏరుతున్న అమ్మ తలెత్తలేదు.

"ఇంకా కాళీ దొరకనేదు బాబూ," అంది. "పిల్ల మందులు అవ్వాల."