నలగని నలుపు

ఇక్కడ పనిచేసే ఇంటి యజమానురాలిని మామా అంటాం. నేను కువైట్ వచ్చిన కొత్తలో, మామా తలకు రంగు వేశానని ఫోన్లో చెబితే, ఏ మామకే అని మా అమ్మ గొంతు పెంచింది.

సాల్మియా అనే పేటలో మామా ఇంట్లో, అద్దం పక్కన ఒక ఫోటో ఉండేది. పాతకాలపు యూరప్ సినిమా నటి. నల్ల గౌను, ఎత్తి ముడేసిన జుట్టు, మెడలో ఒక్క వరస ముత్యాలు. పాపం, అంత పెద్ద నటికి ఇంకో నగ లేదే అనుకున్నాను. మా కడప వైపు పెళ్ళికి పోతే ఒంటిమీద బంగారాన్ని బట్టే పలకరింపు.

ఆ నటి కథ మామా కొంచెం కొంచెంగా చెప్పేది, సగం అరబ్బీలో, సగం చేతులతో. మంచి పేరున్న రోజుల్లోనే సినిమాలు మానేసి, తోటపని చేసుకుంటూ బతికిందట. వేసిన గౌనే మళ్ళీ వేసేదట. ఆ లెక్కన నాదీ పెద్ద స్టైలే అన్నాను, నా రెండు నైటీలు తలుచుకుని. మామా కళ్ళు తుడుచుకునేదాకా నవ్వింది.

మామాకూ అలాంటి ముత్యాల వరస ఉండేది, నల్ల గౌనూ ఉండేది, వయసులో ఉన్నప్పుడు కుట్టించుకున్నది. బయటికి పోతే పైన ఒళ్ళంతా కప్పే అబాయా ఉంటుంది కదా, లోపలిదానికి ఇంత ఇస్త్రీ ఎందుకని సణిగేదాన్ని. నాకు తెలుస్తుంది కదా అనేది మామా. ఇస్త్రీ చేసే స్త్రీని, నాకేం అర్థమవుతుంది? ఆ నలుపును నలగనివ్వకపోవడమే నా ఉద్యోగం.

పోయిన చలికాలం మామా ఆసుపత్రిలో చేరింది. వెనక నాడాలు కట్టే వదులు అంగీ తొడిగారు. లిప్‌స్టిక్ లేకుండా తలుపు కూడా తీయని మనిషి. నన్ను చూసి దుప్పటి మెడదాకా లాక్కుంది. ఇంటికి రాగానే గౌను తొడిగి అద్దం చూపించాలనుకున్నాను.

రాలేదు.

కబురు తెలిశాక గౌను ఇస్త్రీ చేశాను. మా ఊళ్ళో పోయినవాళ్ళకు ఇష్టమైన చీర కట్టి పంపుతాం. ఆ అంగీలో మాత్రం పంపనివ్వకూడదని గౌను చేతిమీద వేసుకుని కారు దగ్గరికి పోయాను. డ్రైవరన్న మా రాయచోటి ముస్లిమే.

"యాడికి మ్మే, దాన్ని తీస్కొని?"

"మామాకు తొడగాలన్నా."

ఆయన ఇంజను ఆపేశాడు. "మాలో కుట్టిన గుడ్డ ఎయ్యరు మ్మే. తానం చేపిచ్చి తెల్లగుడ్డ చుడతారు. అంతే."

"ముత్యాలన్నా?"

తల అడ్డంగా ఊపాడు. ఆ స్నానం చేయించేది కూడా వాళ్ళ ఆడవాళ్ళేనట. నాకు ఆ పనీ లేదు.

అప్పుడే మామా కూతురు బయటికొచ్చింది. నా చేతిలోని గౌను తీసుకుని, రెండు పిడికిళ్ళతో మొహానికి అదుముకుని నిలబడింది. తర్వాత నాకే ఇచ్చింది.

"ఖలాస్," అంది. "లోపల పెట్టు."

లోపలికి తెచ్చి ఇస్త్రీ పెట్టె వేడి చేశాను. పిడికిళ్ళు పట్టినచోట ముడతలు, కొంచెం తడి. పెట్టె పైకెత్తాను గానీ చెయ్యి దిగలేదు. అలాగే హ్యాంగరుకు తగిలించి, బీరువా తలుపు వేశాను.