జేజి పాడిన రెండో వైపు

నా చిన్నప్పుడు మా ఇంట్లో పాటల క్యాసెట్ ఒక్కటే ఉండేది. మనవరాలు తన కాలేజీ పత్రిక కోసం నా జీవితాన్ని మార్చిన ఆల్బమ్ గురించి రాసిమ్మని అడిగితే నాకు గుర్తొచ్చిందీ అదే. దాని మీద బొమ్మ లేదు, పాడినామె పేరు లేదు. పాడింది మా జేజి, నాయన తల్లి. పులివెందుల పక్కన మా ఊరి బీళ్ళలో గొర్రెలు మేపుతూ కట్టుకున్న పాటలవి. ప్రొద్దుటూరు నుంచి మా మేనమామ టేప్‌రికార్డర్ తెచ్చి రెండు వైపులా పాడించాడు. ఆ ఏడాదే జేజి పోయింది.

మరుసటి ఏడు ఎలక్షన్లు. మా ఊళ్ళో అప్పట్లో ఎలక్షన్లంటే ఎవరి జీపు వస్తే ఎవరు తలుపులు వేసుకోవాలన్న సంగతే. ఒక పొద్దున పార్టీ మనుషులు వచ్చి, నినాదాలు రికార్డు చేయడానికి క్యాసెట్ కావాలన్నారు. అందులో ఏముందో నాయనకు తెలుసు. అయినా గూట్లోంచి తీసి రెండు చేతులతో ఇచ్చాడు. నేను ఏడిస్తే, "ఊరుకో పాపా, వాళ్ళతో మనకేంది" అన్నాడు. జీపు వాళ్ళ మీదకన్నా ఆ రెండు చేతుల మీదే నాకు ఒళ్ళు మండింది.

ఊరి మధ్యలో మైకుసెట్టు మామ కొట్టుకు పరుగెత్తాను. ఆయన సాయిబు. పెళ్ళికైనా, ఉరుసుకైనా, ఏ పార్టీకైనా ఆయన మైకే. నేను పోయేసరికి మొదటి వైపు అయిపోవచ్చింది. జేజి గొంతు ఉన్నచోట జిందాబాద్‌లు. "మా జేజి పాటలు మామా!" అని అరిచాను. మామ ముఖం మాడిపోయింది. ఖాళీదని చెప్పి ఇచ్చారట ఆయనకు.

రెండో వైపు తిప్పమన్నాడు జీపు మనిషి. మామ క్యాసెట్ తుడుస్తున్నట్టు అటు తిరిగి, దాని అంచున ఉండే చిన్న ప్లాస్టిక్ పలుకును స్క్రూడ్రైవరుతో విరిచాడు. అది విరిగితే ఆ వైపుకు రికార్డు బటన్ దిగదు.

"దిగడంల్యాదప్పా. నువ్వే నొక్కి చూడు."

వాడు నొక్కాడు, గుద్దాడు. ఆఖరికి మామ చెంప పగలగొట్టి, క్యాసెట్ లాక్కుని పోయాడు. ఆ తర్వాత ఆ పార్టీ మైకు పని మామకు రాలేదు. ఆయన మాత్రం ఎర్రబడిన చెంపతోనే ఆ పలుకును నా చేతిలో పెట్టి, "పోగూడదనుకున్నదానికి ముందే విరిచిపెట్టుకోవాల పాపా. వాళ్ళొచ్చినాక విరిచేదానికి శానా ధైర్యం కావాల" అన్నాడు.

ఎలక్షన్లయ్యాక ఆ క్యాసెట్‌ను జీపులోంచి మా వాకిట్లోకి విసిరేసి పోయారు. రెండో వైపు జేజి అలాగే ఉంది.

ఆ తర్వాత మా ఇంట్లో ఏ గొంతు రికార్డు చేసినా ఆ రోజే పలుకు విరిచేశాను. నాయన ముసలివాడయ్యాక వాళ్ళమ్మ పాట వేయమని అడిగేవాడు. నేను ప్రతిసారీ ముందు మొదటి వైపే వేసేదాన్ని. ఆ జిందాబాద్‌లన్నీ తల వంచుకుని వినేవాడు. తప్పని తెలుసు. నాయన కూడా పోయాడు. ఆ కోపం మాత్రం ఇంకా నా దగ్గరే ఉంది. ఎవరడిగినా ఇవ్వలేదు.